గట్టు మీద పడ్డారు, బాత్రూం అని రాశాం

మా బెజవాడలో మగవాళ్లు బాత్రూముల్లో తెగ జారిపడతారు. నేను పనిచేసిన ఆరోగ్య బీమా కంపెనీ కంప్యూటర్లో ఇప్పటికీ అలాగే ఉంటుంది. పగలంతా చీరల బేళ్లు భుజాన వేసుకుని మేడ మెట్లు ఎక్కి దిగే మనిషి, సాయంత్రం కొట్టు కట్టేశాక ఇంటికి వెళ్లి, స్నానాల గదిలో జారి ఎముక విరగ్గొట్టుకుంటాడు. అతని మోచేతిలోంచి డాక్టరు కంకర ఏరతాడు. బాత్రూంలో కంకర ఎక్కడిదని ఎవరూ అడగరు. ఆసుపత్రివాళ్లు అడగరు, బీమావాళ్లు అడగరు. అడగకపోవడమే అందరికీ మేలని అందరికీ తెలుసు.

నేను ఒకసారి అడిగాను. ఇక్కడ రాయబోయేది ఎక్కువగా దాని గురించే.

బీమా ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లు అప్పుడప్పుడూ నా దగ్గరికి వచ్చి, “సార్, ఇందులో అసలు పనేమిటి?” అని అడుగుతుంటారు. టార్గెట్లు ఎలా అందుకోవాలో, ఇంక్రిమెంటు ఎలా వస్తుందో చెప్పేవాళ్లు వాళ్లకి చాలామంది దొరుకుతారు. నేను ఆ విషయాల్లో పెద్దగా రాణించినవాణ్ణి కాను. నాకు తెలిసింది వేరే. మనం రాసుకునే అంకె మనుషుల దగ్గర ఎలా పుడుతుందో, మళ్లీ ఆ మనుషుల దగ్గరికే ఏ రూపంలో తిరిగి వెళుతుందో కొంచెం చూశాను.

లెక్కల కుర్చీ

నేను బీమా చదువుకుని రాలేదు. విజయవాడ ఆఫీసులో టైపిస్టు సెలవు పెడితే తాత్కాలికంగా చేరి అక్కడే ఉండిపోయాను. వచ్చిన క్లెయిములు కంప్యూటర్లోకి ఎక్కించడం నా పని. ఎక్కించినవి ఊరికే వదిలేయబుద్ధి కాక, ఏ వయసువాళ్లకి ఏ జబ్బు, ఏ నెలలో ఎక్కువ, ఏ పేటలో ఎక్కువ అని పట్టికలు వేసుకునేవాణ్ణి. పాత పుస్తకాల కొట్లో కొన్న గణాంకశాస్త్రం పుస్తకం అర్థం కాని చోట వదిలేస్తూ, అర్థమైన చోట పట్టుకుంటూ చదివాను. కొన్నాళ్లకి ప్రీమియం ఎంత వేయాలన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా “భాస్కర్రావుని అడగండి” అనడం మొదలైంది. అడిగేవారు, చెప్పేవాణ్ణి. అయితే నా లెక్కలో చాలా రంధ్రాలు ఉండేవి. డిగ్రీలున్నవాళ్లు హైదరాబాదు నుంచి వాటిని చాలాసార్లు సరిచేశారు, సరిగ్గానే చేశారు.

మా మేనేజరు రఘురాం గారు మంచి పనిమంతులు. నా పట్టికల మీద ఒరిగి చూస్తూ ఒక మాట అనేవారు. “అంకె చూసినప్పుడు ముందు దాన్ని రాసిన చెయ్యి ఏమిటో ఊహించుకో. ఆ చేతికి ఆ పూట ఏం అవసరమో చూసుకో. ఆ తర్వాతే కూడిక.”

ఈ ఉద్యోగంలోకి వచ్చే ప్రతివాళ్లకీ ఇంతకంటే మంచి పాఠం నేను చెప్పలేను. నేను దాన్ని సగమే నేర్చుకున్నానని చాలా ఆలస్యంగా తెలిసింది.

పరుపు మీద వాళ్లు, సైకిలు మీద వాళ్లు

వన్ టౌన్ హోల్‌సేల్ బట్టల వర్తకుల్లో ఒక సంఘం మా దగ్గర గ్రూపు పాలసీ తీసుకునేది. యజమానులూ వాళ్ల కుటుంబాలూ, గుమాస్తాలూ వాళ్ల కుటుంబాలూ అందరూ ఒకే పాలసీలో ఉండేవారు. ఇది మామూలు విషయం కాదు. గుమాస్తాలకి వేరే చవక పాలసీ తీసుకుందామని సంఘంలో కొందరు అంటూనే ఉండేవారు. సెక్రటరీ జనార్దనరావు గారు ఒప్పుకునేవారు కాదు. “కొట్లో ఒకే గుడ్డ కొలిచి ఇస్తున్నాం, ఆసుపత్రిలో రెండు కొలతలెందుకు?” అనేవారు.

ఒకే పాలసీ కాబట్టి పక్కపక్కన పెట్టి చూడటం నాకు సులువైంది. యజమానులు పొద్దున వచ్చి తెల్లదుప్పటి పరిచిన పరుపు మీద కూర్చుంటే, మళ్లీ లేచేది భోజనానికే. గుమాస్తాలు నిలబడేవారు, మెట్లెక్కేవారు, మూటలు మోసేవారు. వాళ్లలో చాలామంది గుణదల వైపు నుంచి కాలువ గట్టు మీదుగా సైకిళ్ల మీద వచ్చేవారు. షుగరు, బీపీ, స్టెంటు క్లెయిములు పరుపు మీదవాళ్లవి. సైకిలు మీదవాళ్లకి అవి తక్కువ. తిండి తేడా, వయసు తేడా తీసేసినా తక్కువే అని నా మోటు లెక్కకి అనిపించింది. గుమాస్తాలకి వచ్చేవి మరో రకం. కాలర్ బోనులు, మణికట్లు, మోకాళ్లు. కారణం అన్న గడిలో ఒకటే మాట.

“యజమానులకి గుండె, గుమాస్తాలకి బాత్రూం,” అని మా ఆఫీసులో ఒక జోకు ఉండేది. నేనూ నవ్వేవాణ్ణి.

అలాంటి రోజుల్లో హెడ్డాఫీసు వెల్‌నెస్ విభాగం నుంచి ఒక మెయిలు వచ్చింది. పాలసీదారుల ఆరోగ్యం పెంచే పనులకి కొంత నిధి పెడుతున్నాం, ఊరికో ఆలోచన పంపండి అని. కొన్ని దేశాల్లో ఆరోగ్య బీమా కంపెనీలు సైకిలు దారులకి కూడా చేయూతనిస్తున్నాయని అందులో ఒక వాక్యం ఉంది. మిగతా వాక్యాలు నాకు గుర్తులేవు. ఆ ఒక్క వాక్యం చదివి కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్లాను. నా ఊహలో కాలువ గట్టే కనిపించింది. గట్టు పొడవునా లారీలకి అడ్డంగా సిమెంటు దిమ్మెలు, అవతల పక్క సైకిళ్లకి ఒక వారగా దారి. తొక్కేవాళ్లు కొత్తగా పుట్టనక్కర్లేదు, ఉన్నారు. వాళ్లని తొక్కనిస్తే చాలు.

కంకర ఎక్కడిది

ఆ వారంలోనే కోటేశ్వరరావు కాగితాలు నా బల్ల మీదికి వచ్చాయి. జనార్దనరావు గారి కొట్లో గుమాస్తా. బాత్రూంలో జారిపడి కాలర్ బోను విరిగింది. కింద డాక్టరు నిజాయితీగా ఇంకో వాక్యం రాశాడు. మోచేతి గాయంలోంచి కంకర, బూడిద తీసి శుభ్రం చేశామని.

క్లెయిము అప్పటికే మంజూరైపోయింది. అయినా మర్నాడు గుణదల వెళ్లాను. మేరీమాత తిరునాళ్లు అయిపోయి పందిళ్లు విప్పుతున్నారు. సందు చివర పెంకుటింటి వరండాలో ఒకావిడ మిషను ముందు కూర్చుని చీరకి ఫాల్ కుడుతోంది. చుట్టూ తాళ్ల మీద చీరలు.

“ఇన్సూరెన్సు నుంచి వచ్చానండీ,” అన్నాను.

ఆవిడ మిషను ఆపకుండానే లోపలికి కేక వేసింది. “ఏవయ్యా, ఇన్సూరెన్సాయన వచ్చాడు. బాత్రూం చూపించు.”

కోటేశ్వరరావు చెయ్యి మెడకి కట్టుకుని బయటికి వచ్చాడు. నా ఈడు మనిషే. పెరట్లో గోనెపట్టా కట్టిన మూల వైపు గడ్డంతో చూపించాడు. “అదేనండీ.”

“అందులో జారాలంటే ముందు నిలబడ్డానికి చోటుండాలిగా,” అంది ఆవిడ. పేరు నాగమణి. నాకు నవ్వు ఆగలేదు. నేను నవ్వాక వాళ్లూ నవ్వారు. కుర్చీ వేశారు.

“క్లెయిము ఆపడానికి రాలేదండీ. అది అయిపోయింది. నిజంగా ఎక్కడ పడ్డారో తెలుసుకుందామని వచ్చాను.”

“తెలుసుకుని ఏం చేస్తారు?”

“అక్కడ సైకిళ్లకి వేరే దారి వేయించొచ్చేమో చూద్దామని.”

మొగుడూ పెళ్లాం ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. “మీ కంపెనీ రోడ్లు కూడా వేస్తుందాండీ?” అన్నాడతను.

చెప్పాడు. గట్టు మీద తూము దగ్గర దారి సన్నబడుతుంది. ఇటుక బట్టీలకి కరెంటు ప్లాంటు బూడిద తోలే లారీలు అక్కడ కుదుపుకి కొంచెం కొంచెం ఒలకబోసుకుంటూ పోతాయి. ఎండలో అది కళ్లల్లో పడుతుంది. చినుకు పడితే వెన్న అవుతుంది. వెనక నుంచి లారీ హారను కొట్టింది, పక్కకి తప్పుకోబోయాడు, చక్రం జారింది.

“చీరల మూట కాలవలో పడిపోయిందనుకున్నానండీ. ఆ భయంలో చెయ్యి సంగతే తెలియలేదు. మూట గట్టు మీదే ఉందని చూశాకే నొప్పి పుట్టింది.”

ఆ మూటే వాళ్ల సంసారం. కొట్లో అమ్ముడైన చీరలకి ఫాల్ కుట్టే పని జనార్దనరావు గారు నాగమణికి ఇచ్చేవారు. కోటేశ్వరరావు సాయంత్రం మూట సైకిలు క్యారియరుకి కట్టుకుని తెచ్చేవాడు, ఆవిడ కుట్టాక మర్నాడు పట్టుకుపోయేవాడు.

“షేరాటోలో తేవచ్చు కదండీ?” అని అడిగాను.

నాగమణి నా వైపు తిరిగింది. “మూటకి ఇంకో మనిషి చార్జీ అడుగుతాడండీ ఆటోవాడు. మూట రావడానికీ పోవడానికీ అది పోతే, ఇక నేను కుట్టేది ఆటోవాడి కోసమే. సైకిలుంటే ఈ మిషనుంటుంది. లేకపోతే లేదు.”

“మరి బాత్రూం అని ఎవరు రాయించారు?”

“ఎవరూ రాయించలేదండీ,” అన్నాడు కోటేశ్వరరావు. “కౌంటర్లో ఆ అమ్మాయి మంచిదే. రోడ్డు మీద పడ్డానని రాస్తే పోలీసు కాగితం కావాలి, బాత్రూం అని రాస్తే ఇప్పుడే అప్రూవల్ వస్తుంది, ఏం రాయమంటారు బాబాయ్ అంది. నొప్పితో చచ్చిపోతున్నా. బాత్రూమే రాయి తల్లీ అన్నా.”

ఏడాది చూపు

రఘురాం గారు నేను వేసిన పథకం మొత్తం చదివారు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“బావుంది. నువ్వు గట్టు మీద దారి వేయిస్తావు. వాళ్లు సుఖంగా సైకిళ్లు తొక్కుకుంటారు, గుండెలు గట్టిపడతాయి. వచ్చే ఏడు పక్క కంపెనీవాడు కాస్త తక్కువకి ఇస్తానంటే మీ జనార్దనరావు అటు వెళ్లిపోతాడు. దారి మనది, లాభం వాడిది.”

“దారి చాలా ఏళ్లు ఉంటుంది కదండీ?”

“దారి ఉంటుందయ్యా. పాలసీ ఏడాదేగా.”

ఆరోగ్య బీమాలో అసలు చిక్కు ఇదే. కొత్తవాళ్లు దీన్ని మొదటి రోజే తెలుసుకోవాలి. మనిషి ఆరోగ్యం మెల్లగా పాడవుతుంది, మెల్లగా బాగుపడుతుంది. మనం మాత్రం దాన్ని ఏడాది ముక్కలుగా నరికి కొంటాం, అమ్ముతాం. మెల్లగా వచ్చే మేలుకి మన లెక్కలో గడి లేదు. ఊళ్లో ఉన్న కంపెనీలన్నీ తలా కొంత వేసుకుంటే ఈ చిక్కు తీరుతుందని అప్పుడే అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటున్నాను. పాలసీదారుడు ఏ కంపెనీకి మారినా అదే ఊళ్లో ఉంటాడు, అదే గట్టు మీద తొక్కుతాడు. మిగతా కంపెనీల మేనేజర్లతో టీలు తాగి ఈ మాట చెప్పాను. టీ బిల్లు ఎవరిస్తారన్న దగ్గర మాత్రం అందరూ ముందుకొచ్చారు.

రఘురాం గారు కాగితం వెనక్కిస్తూ ఉపాయం కూడా చెప్పారు. “పైవాళ్లకి గుండె సంగతి చెప్పకు. గుండె ఎప్పటి మాటో. ఎముకలు చెప్పు. ఎముక ఈ ఏడే విరుగుతుంది, ఈ ఏడే డబ్బు పోతుంది. దారి వేస్తే ఇన్ని ఎముకలు మిగులుతాయని చూపించు. అప్పుడు వింటారు.”

చూపిద్దామని కంప్యూటరు తెరిచాను. గట్టు మీద ఒక్క ఎముకా విరగలేదు. అన్నీ బాత్రూముల్లోనే.

చీరల అట్ట

ఇక మిగిలింది ఒకటే దారి. మనుషుల్ని అడిగి నిజం రాయించుకోవడం.

కోటేశ్వరరావుకి చెప్పాను. అతనికి నా కంటే ఎక్కువ ఉత్సాహం వచ్చింది. కట్టు విప్పించుకుని మళ్లీ పనిలోకి వచ్చిన వారంలోనే మధ్యాహ్నం భోజనాల వేళ కొట్టు వెనక సందులో తోటి గుమాస్తాల్ని పోగుచేశాడు. ఆ సందులో గోడకి బిగించిన ఇనుప కడ్డీకి సైకిళ్లన్నీ గొలుసులతో కట్టి ఉండేవి. క్యారేజీలు విప్పుకుని వాటి పక్కనే కూర్చున్నారు.

“చెప్పండ్రా, ఎవరెవరు ఎక్కడెక్కడ పడ్డారో,” అన్నాడు. “సార్ రాసుకుంటారు.”

“నేను బాత్రూంలోనే పడ్డాను,” అన్నాడొకడు అన్నం కలుపుతూ.

“నోరు మూసుకో. మీ ఇంట్లో బాత్రూం ఎక్కడుందిరా?”

అందరూ గొల్లుమన్నారు. కోటేశ్వరరావు చీరల పెట్టె అట్ట ఒకటి చింపి, వెనక వైపు కాలువ గీసి, గట్టు గీసి, తూము గీసి పెన్సిలు వాళ్ల చేతికిచ్చాడు. ఒక్కొక్కళ్లే తాము పడ్డ చోట చుక్క పెట్టారు. చుక్కలన్నీ తూము చుట్టూ చీమల్లా మూగాయి.

ఒక పెద్దాయన, సంఘంలో అందరికంటే పాత గుమాస్తా, పెన్సిలు పట్టుకుని ఆగాడు. “ఇలా రాసిస్తే మాకేం కాదుగా బాబూ?”

“ఏం కాదండీ,” అన్నాను.

ఇరవై ఏళ్లకి పైగా నేను చేసిన పని అదే. ఏమవుతుందో, ఎంతవరకూ అవుతుందో అంచనా కట్టడం. ఏ ప్రశ్న వచ్చినా ఒకపూట గడువు అడిగి, కాగితం మీద వేసి చూసిగానీ జవాబు చెప్పేవాణ్ణి కాదు. ఆ ఒక్క ప్రశ్నకి మాత్రం అన్నం తినే చోట, నిలబడి, వెంటనే చెప్పాను. ఆయన చుక్క పెట్టి సంతకం చేశాడు. ఆయన వెనక మిగతావాళ్లు.

రెండు విభాగాలు

అట్టని ఫొటో తీసి, వాంగ్మూలాలు జతచేసి హెడ్డాఫీసుకి పంపాను. వెల్‌నెస్ విభాగం నుంచి చాలా మంచి జవాబు వచ్చింది. ఇంత చక్కని ఆలోచన ఏ ఊరి నుంచీ రాలేదన్నారు. ఆ మెయిలు ప్రింటు తీసుకుని ఇంటికి పట్టుకెళ్లాను.

అదే మెయిలు, పద్ధతి ప్రకారం, ప్రీమియంలు నిర్ణయించే విభాగానికి కూడా వెళ్లింది. వాళ్లు అట్ట మీద దారి చూడలేదు. ఈ గ్రూపు మనకి చెప్పని రోడ్డు ప్రమాదం ఒకటి మోస్తోందని చూశారు. పాత క్లెయిముల జోలికి పోవద్దని రఘురాం గారు ఫోను మీద ఫోను చేసి బతిమాలితే అంతవరకు ఒప్పుకున్నారు. కానీ రెన్యువల్‌కి ప్రీమియం పెంచారు. ఇకమీదట ఆ సంఘం నుంచి ఎముక విరిగిందని ఏ క్లెయిము వచ్చినా పోలీసు కాగితం ఉండాల్సిందేనన్నారు.

వాళ్లది తప్పని నేను అనలేను. వాళ్ల కుర్చీలో కూర్చుంటే నేనూ అదే చేసేవాణ్ణి. ఒక చేత్తో దారి వేద్దామనీ, ఇంకో చేత్తో రేటు పెంచుదామనీ ఒకే కంపెనీ ఒకే కాగితం చదివి అనుకోగలదు. రెండు చేతులూ వేర్వేరు అంతస్తుల్లో ఉంటాయి.

“అంకె వెనక చెయ్యి చూడమన్నాను,” అన్నారు రఘురాం గారు. “చూశావు. ఆ చెయ్యి ఎవరిదో పైకి కూడా చూపించావు. అది చెయ్యమనలేదు కదయ్యా నేను.” కోపంగా అనలేదు. ఆయన గొంతులో ఉన్నది అలసట.

ఇనుప కడ్డీ

పెరిగిన ప్రీమియం కాగితం జనార్దనరావు గారికి నేనే పట్టుకెళ్లాను. వేరేవాళ్లని పంపడం న్యాయం కాదనిపించింది. ఆయన పరుపు మీద జరిగి నాకు చోటిచ్చి, కాఫీ చెప్పి, కాగితం రెండుసార్లు చదివారు.

“భాస్కర్రావు గారూ, మీరు మేలు చేద్దామనే బయల్దేరారు. నాకు తెలుసు.”

ఆయన కాగితం మడిచి పక్కన పెట్టారు.

“సంఘంలో ఏమంటున్నారో తెలుసా? గుమాస్తాలు పడితే మనకి రేటు పెరిగింది కాబట్టి గుమాస్తాల్ని పాలసీలోంచి తీసేద్దాం అంటున్నారు. తీసెయ్యనివ్వను. నేను బతికుండగా జరగదు. కానీ వాళ్ల నోరు మూయించడానికి ఒక మాట ఇవ్వాల్సొచ్చింది. రేపట్నుంచి మా సంఘం కొట్లకి ఎవరూ సైకిలు మీద రాకూడదు. బస్సులో రండి, ఆటోలో రండి, నడిచి రండి. సైకిలు వద్దు.”

“సైకిలు తొక్కితే నేరమా అండీ?”

“నేరం అని నేనన్నానా? రిస్కు. ఆ మాట మీదే కదండీ, మీరు నేర్పిందే.”

వెనక సందులో అప్పటికే ఎవరో కడ్డీ ఊడదీస్తున్నారు. గోడలోంచి మేకులు ఊడుతున్న చప్పుడు కొట్లోకి వినిపిస్తోంది. బయటికి వచ్చేసరికి కోటేశ్వరరావు గొలుసు చేతికి చుట్టుకుని సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఏమంటాడో అని నాకు భయం వేసింది. తిడితే బాగుండనిపించింది.

“పోనీలెండి సార్. మనం రాసింది అబద్ధం కాదుగా,” అన్నాడు.

ఆ సాయంత్రం అతను ఆఖరిసారి క్యారియరుకి మూట కట్టుకుని వెళ్లాడు. తర్వాత కొన్ని రోజులు ఆటోలో తెచ్చి చూశారట. నాగమణి చెప్పినట్టే అయింది. ఫాల్స్ పని కొట్టుకి దగ్గర్లో ఉండే ఇంకొకావిడకి వెళ్లిపోయింది.

నేను కోరుకున్నది గట్టు మీద సైకిళ్లు పదిలంగా పోవాలని. జరిగింది గట్టు మీద సైకిళ్లు లేకపోవడం. ఒక్క మాట ఒప్పుకోవాలి, ఎముకలు విరగడం నిజంగానే తగ్గింది. ప్రీమియం విభాగంవాళ్లు మరుసటి ఏడు ఆ తగ్గుదల చూసి సంతోషించారు. ఆ అంకె వెనక ఉన్న చెయ్యి ఏమిటో వాళ్లెవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. చెప్తే ఏమవుతుందో ఈసారి ముందే లెక్క వేసుకున్నాను.

దారి వేశారు

వెల్‌నెస్ విభాగం నిధి మురిగిపోలేదు. కాలువ గట్టు మీద దారంటే చాలా ఆఫీసుల అనుమతులు కావాలి, లారీలవాళ్లు ఒప్పుకోవాలి. అందుకని నది వైపు, కొత్తగా అపార్టుమెంట్లు లేచిన చోట, ఖాళీగా ఉన్న నేలలో చుట్టూ తిరిగి మొదటికే వచ్చే సైకిలు దారి వేశారు. ఎరుపు రంగు, పక్కన గడ్డి, అద్దెకి సైకిళ్లు, గేటు మీద కంపెనీ పేరు. అందంగా ఉంది, నిజం చెప్పాలి. ప్రారంభం రోజు నన్ను ముందు వరసలో కూర్చోబెట్టి, ఈ ఆలోచన మొదట మన విజయవాడ ఆఫీసు నుంచే వచ్చిందని మైకులో చెప్పారు. చప్పట్లు కొట్టారు. లేచి దండం పెట్టి కూర్చున్నాను.

ఆ దారి వెళ్లేది ఎక్కడికీ కాదు. పొద్దున్నే కారులో వచ్చి, తొక్కి, కారులో వెళ్లిపోతారు. వాళ్ల ఆరోగ్యం బాగుపడితే నాకు బాధేం లేదు, వాళ్లూ పాలసీదారులే. కానీ కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఆ రెండు దారుల తేడా గుర్తుంచుకోండి. ఒకటి సైకిలు తొక్కాలనుకునేవాళ్లది. ఇంకొకటి సైకిలు తొక్కక తప్పనివాళ్లది. మన కంపెనీలకి మొదటిదాని ఫొటో బాగా వస్తుంది.

తర్వాత కొన్నాళ్లకి నేను ఉద్యోగం మానేశాను. దీనికి నిరసనగా అని చెప్పుకుంటే బాగుంటుంది. కాదు. వెన్నునొప్పి వచ్చింది, కూర్చోలేకపోయాను, స్వచ్ఛంద విరమణ పథకం పెడితే తీసుకున్నాను.

మానేసేముందు నా బల్ల మీదికి వచ్చిన వాటిలో కోటేశ్వరరావు క్లెయిము ఇంకొకటి ఉంది. షుగరు బాగా పెరిగి, కాలి పుండు మానక ఆసుపత్రిలో చేరాడు. కారణం గడిలో ఈసారి రాసింది పూర్తిగా నిజం. పోలీసు కాగితం అక్కర్లేదు, ఎవరూ ఏమీ దాచక్కర్లేదు. ఆటోలో కూర్చుని వెళ్లి, కూర్చుని వచ్చినందుకే షుగరు వచ్చిందని నేను అనను. ఒక్క మనిషిని చూసి అలా అనకూడదని నా పుస్తకం నేర్పింది. కానీ ఆ కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు పుస్తకం గుర్తుకు రాలేదు.

మనుషుల దగ్గర నిజం అడిగే అధికారం మన ఉద్యోగం మనకిస్తుంది. అడగొద్దని చెప్పను. అడిగేముందు ఆ నిజం మన ఆఫీసులో ఏ ఏ బల్లల మీదికి వెళుతుందో, ఏ బల్ల దగ్గర అది వాళ్ల మీదికే తిరుగుతుందో చూసుకోండి. చూసుకోవడానికి వీల్లేకపోతే, ఆ మాటే వాళ్లకి చెప్పండి. “ఏం కాదు” అనకండి.

గేటు

మొన్నామధ్య గుణదల వెళ్లాను. నాగమణి మిషను వరండాలోనే ఉంది. ఇప్పుడు సందులోవాళ్ల జాకెట్లు కుడుతోంది. తాళ్ల మీద చీరలు లేవు. కోటేశ్వరరావు ఒళ్లు చేశాడు, కాలు మానింది. సైకిలు గోడకి ఆనించి ఉంది, టైర్లలో గాలి ఉంది.

“తొక్కుతున్నారా?” అన్నాను.

“డాక్టరు తొక్కమన్నాడండీ. రోజూ కాసేపు సైకిలు తొక్కితే షుగరు దారిలోకి వస్తుందన్నాడు.”

“అది విని ఈయన అక్కడే నవ్వాడంట. డాక్టరుకి కోపం వచ్చింది,” అంది నాగమణి.

“గట్టు మీద ఈవిడ వెళ్లనివ్వదు. సరే, మన సార్ వేయించిన దారి ఉందిగా అని ఒక ఆదివారం పొద్దున నది వైపు వెళ్లానండీ.”

“నేను వేయించిన దారి కాదది,” అన్నాను.

“మీ కంపెనీ పేరే ఉందిగా గేటు మీద. అక్కడ వాచ్‌మన్ ఆపేశాడు. క్యారియరున్న సైకిళ్లు లోపలికి రావంట. మూట ఏమీ లేదు బాబూ, ఖాళీగానే ఉందిగా అన్నా. ఖాళీగా ఉన్నా సరే, మోసే సైకిలు రాకూడదంటాడు. అది రూలంట. అద్దె సైకిలు తీసుకోమన్నాడు. ఇంట్లో సైకిలు పెట్టుకుని అద్దె సైకిలేంటని వచ్చేశా.”

 క్యారియరు ఊడదీయించుకోవచ్చు కదా అనబోయి ఆగాను. నాగమణి మిషను చక్రం మీద చెయ్యి ఆనించి మా వైపే చూస్తోంది.

కోటేశ్వరరావు లేచి సైకిలు దగ్గరికి వెళ్లి క్యారియరు క్లిప్పు పైకి లాగి వదిలాడు. అది టప్పున మూసుకుంది.

“ఒక సుఖం ఉందండీ,” అన్నాడు. “అక్కడ పడితే మాత్రం ఎక్కడ పడ్డామో ఉన్నదున్నట్టు రాయొచ్చు. పడ్డానికి లోపలికి రానిస్తేగా.”